కాపలా ఎవరిది? బస్తాన్ లోయలో ఒక హంతకుడు, ఒకే ఇంటి ఆడవాళ్లు

రోడ్డు పక్కన ఒక జత బూట్లు కనిపిస్తాయి. గుడి మెట్ల దగ్గర విడిచినట్టు పొందికగా, మొనలు నది వైపు తిప్పి పెట్టి ఉంటాయి. అవి చూపించే దారిన కిందికి దిగితే ఒడ్డున బడికి వెళ్లే వయసు పిల్ల శవం. మెడ మీద సన్నని తాడు బిగించిన గుర్తు. బట్టలను పైనుంచి కిందికి చీల్చి రెండు పక్కలా పరిచారు. జుట్టును పాపిట తీసి దువ్వి, భుజాలకు అటూ ఇటూ సర్దారు. అరచేతులు చర్చిలోని మరియమాత బొమ్మ చేతుల్లాగా ఆకాశం వైపు తెరిచి ఉన్నాయి. పొత్తికడుపు కింద చిన్న గుండ్రటి కేకు ఒకటి పెట్టి ఉంది.

2017 మార్చి 3న స్పెయిన్‌లో విడుదలైన ‘ఎల్ గార్దియాన్ ఇన్‌విసిబ్లే’ సినిమా మొత్తం ఈ కేకు మీద నడుస్తుంది. ఆ పేరుకు అర్థం ‘కనిపించని కాపలాదారు’. డొలొరెస్ రెడొండో 2013లో రాసిన నవలకు ఇది తెర రూపం. దర్శకుడు ఫెర్నాందో గొన్సాలెస్ మొలీనా, స్క్రీన్‌ప్లే లూయిసో బెర్దెహో. అంతకు ముందు కుర్రకారు ప్రేమకథలతో, భారీ ప్రేమ ఇతిహాసాలతో పేరు తెచ్చుకున్న దర్శకుడు ఉన్నట్టుండి ఈ చీకటి లోయలోకి దిగాడు. సరిగ్గా దిగాడా అన్నది తరువాత చూద్దాం. ముందు ఆ కేకు సంగతి.

దాని పేరు చాన్చిగోరి. పంది కొవ్వును కరిగించి వడకట్టాక అడుగున కరకరలాడే ముక్కలు మిగులుతాయి. మన ఇళ్లలో నెయ్యి కాచాక గిన్నె అడుగున మిగిలే గసిని పారేయకుండా చక్కెర కలిపి పిల్లలకు పెట్టినట్టే, నవార్రా పల్లెల్లో ఆ ముక్కలను రొట్టెపిండిలో చక్కెరతో కలిపి కాలుస్తారు. పందిని కోసిన రోజుల్లో ఇంటి ఆడవాళ్లు చేసే పాతకాలపు పేదింటి తీపి అది. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ఆ రుచి తెలుసు. బయటివాడికి దాని పేరు కూడా నోరు తిరగదు. శవం మీద కేకును చూసిన క్షణంలోనే ఇన్‌స్పెక్టర్ అమాయా సలసార్‌కు రెండు విషయాలు అర్థమవుతాయి. హంతకుడు ఈ లోయ మనిషే. రెండోది ఆమె పైకి చెప్పదు: ఈ లోయలో అలాంటివి చేసే పేరున్న బేకరీ తన పుట్టింటిదే.

నేరం జరిగిన చోట హంతకుడు వదిలే గుర్తు అనేది ఈ తరహా సినిమాల్లో అరిగిపోయిన ఎత్తుగడ. పేకముక్క, పువ్వు, బైబిలు వాక్యం, సీతాకోకచిలుక అన్నీ వచ్చి వెళ్లాయి. అవి ప్రేక్షకుణ్ని గ్రంథాలయానికో చర్చికో పంపిస్తాయి. ఈ కేకు మాత్రం నేరుగా వంటింటికి పంపుతుంది. వంటింట్లో ఉండేది ఆడవాళ్లు. కథలో బరువైన పాత్రలన్నీ స్త్రీలవి కావడానికి మొదటి కారణం ఇదే. కథకు మహిళా కథానాయికను ‘పెట్టలేదు’, నేరమే వాళ్ల చోటు నుంచి మొదలైంది.

కథా స్థలం ఉత్తర స్పెయిన్‌లో, ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న నవార్రా ప్రాంతంలోని బస్తాన్ లోయ. దానికి కేంద్రం ఎలిసోండో అనే చిన్న పట్టణం. ఊరి మధ్య నుంచి బస్తాన్ నది పారుతుంది, దిగువకు వెళ్లాక అదే బిదసోవా నది అవుతుంది. స్పెయిన్ అనగానే మనకు గుర్తొచ్చే మండే ఎండ, ఎద్దుల పోట్లాట, తెల్లటి సున్నం గోడలు ఇక్కడ కనిపించవు. అట్లాంటిక్ నుంచి వచ్చే మబ్బులు కొండలకు తగిలి ఏడాదిలో చాలా రోజులు కురుస్తూనే ఉంటాయి. బీచ్ చెట్ల అడవులు, ఎర్రరాయి మూలలున్న పెద్ద ఇళ్లు, స్పానిష్‌తో పాటు ఇక్కడి బాస్క్ జనం సొంత భాష అయిన బాస్క్. ఫెర్నాందో వెలాస్కెస్ సంగీతం కూడా ఆ వాన మీదే కూర్చుని ఉంటుంది.

ఆ అడవికి ఒక యజమాని ఉన్నాడని బాస్క్ జానపదుల నమ్మకం. పేరు బసహౌన్. ‘బాసో’ అంటే అడవి, ‘హౌన్’ అంటే ప్రభువు. ఒళ్లంతా జుట్టు, మనిషి కన్నా పెద్ద ఆకారం. తుఫాను వస్తుంటే, తోడేళ్లు దగ్గరపడుతుంటే కొండల్లో అరిచో ఈల వేసో గొర్రెల కాపరులను హెచ్చరిస్తాడట. మనుషులకు వ్యవసాయం తెలిసింది కూడా అతని దగ్గరి నుంచేనని కథలున్నాయి. శవాల మీద జంతువుల వెంట్రుకలు దొరకడంతో హంతకుడికి జనం ‘బసహౌన్’ అని పేరు పెట్టేస్తారు. ఆ పేరే స్థిరపడుతుంది.

అది తప్పుడు పేరు. బసహౌన్ చంపేవాడు కాడు, కాపలా కాసేవాడు. సినిమా పేరులో ఉన్న కాపలాదారు హంతకుడు అనుకుని కూర్చున్న ప్రేక్షకుడికి ఈ మెలిక ఆలస్యంగా తగులుతుంది. ‘ఎవరు చంపారు’ అనే ప్రశ్నతో మొదలైన కథ మెల్లగా ‘ఎవరు కాపలా కాయాలి, కాయకుండా ఎవరు కళ్లు మూసుకున్నారు’ అన్న ప్రశ్నలోకి జారుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు చివరి పావుగంటలో దొరుకుతుంది. రెండో ప్రశ్నకు జవాబు అమాయా చిన్నతనంలోనే ఉంది, ఆమెకు ఎప్పటినుంచో తెలుసు.

సలసార్ ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దది ఫ్లోరా, బేకరీ నడిపేది ఆమే. మధ్యది రోస్, అక్క కింద పనిచేస్తూ భర్తతో చెడి నలిగిపోతుంటుంది. ఆ భర్త మీదికి కూడా దర్యాప్తులో అనుమానం మళ్లుతుంది. చిన్నది అమాయా, పంప్లోనాలో పోలీసు ఇన్‌స్పెక్టర్, అమెరికాలో ఎఫ్‌బీఐ దగ్గర శిక్షణ పొందినది. వీళ్లకు ఎంగ్రాసీ అనే మేనత్త. టారో అనే బొమ్మల పేకముక్కలు పరిచి జరగబోయేది చెప్పే ఆ ముసలావిడ ఇంట్లోనే అమాయా పెరిగింది. కన్నతల్లి రొసారియో ఉండగా మేనత్త ఇంట్లో ఎందుకు పెరగాల్సి వచ్చిందన్నదే కథకు గుండెకాయ.

ఆ జవాబు జ్ఞాపకాల ముక్కలుగా వస్తుంది. రాత్రి వేళ బేకరీ. చిన్నారి అమాయా ఒంటరిగా లోపల ఉంటుంది. తల్లి వస్తుంది. తల మీద దెబ్బ పడుతుంది. పిల్ల చచ్చిపోయిందనుకున్న తల్లి ఆమెను పిండి కలిపే పెద్ద తొట్టిలో వేసి పైన పిండి కప్పేస్తుంది. పిల్ల ఊపిరి తీసుకుంటే ముక్కులోకి, నోట్లోకి పిండి పోతుంది. ఆ తెల్లదనం, ఆ మెత్తదనం చూస్తుంటేనే చూసేవాడి గొంతు ఎండుకుపోతుంది. నెత్తురు చూపించి భయపెట్టే సినిమాలు వందలున్నాయి. రోజూ ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే పిండితో ఊపిరాడకుండా చేసిన సన్నివేశం మాత్రం అంత తేలిగ్గా మరచిపోలేం. తండ్రి వచ్చి బయటికి తీస్తాడు. తరువాత ఆయన చేసేది ఇంకా పెద్ద తప్పు: పిల్లను చెల్లెలి ఇంటికి పంపించి, జరిగినదాన్ని ప్రమాదం కింద మాఫీ చేస్తాడు. ఊరికి తెలియదు. తెలిసినవాళ్లు మాట్లాడరు. అక్క ఫ్లోరాకు అయితే తల్లి తరఫున వకాల్తా తప్ప మరో మాట రాదు.

ఇక్కడ బాస్క్ ఇంటి గురించి రెండు మాటలు చెప్పకపోతే ఫ్లోరా అర్థం కాదు. బాస్క్ పల్లెల్లో మనిషి కన్నా ఇల్లు పెద్దది. ఇంటికొక పేరుంటుంది, మనిషిని ఆ ఇంటి పేరుతోనే గుర్తిస్తారు. మనకూ ఇంటిపేరు ఉంది కానీ మన ఇంటిపేరు వంశంతో పాటు నడిచిపోతుంది, వాళ్ల పేరు గోడలకు అతుక్కుని అక్కడే ఉంటుంది. ఆస్తిని ముక్కలు చేయకుండా ఒక్క వారసుడికే అప్పగించే ఆనవాయితీ అక్కడ పాతది. ఆ వారసత్వం కొడుకుకే దక్కాలన్న నియమం లేదు, కూతురికీ దక్కేది. ఇంటి ఇల్లాలిని ‘ఎచెకోఆంద్రె’ అంటారు. చర్చిలో తమ ఇంటికి కేటాయించిన సమాధి చోట కొవ్వొత్తి వెలిగించి చనిపోయిన పెద్దలకు వెలుగు చూపించడం ఆమె బాధ్యత. ఇంటి బతికినవాళ్లకూ చనిపోయినవాళ్లకూ మధ్య పూజారి ఆమే.

అంత అధికారం చేతిలో ఉన్న స్త్రీ దాన్ని పిల్లల మీదికి తిప్పితే అడ్డుకునేవాడు ఉండడు. రొసారియో చేసింది అదే. ఎల్విరా మింగెస్ పోషించిన ఫ్లోరా ఆ గద్దె మీద కూర్చున్న తరువాతి తరం. బేకరీని నిలబెట్టింది తానేనని ఆమె నమ్మకం, అందులో అబద్ధం లేదు. చెల్లెళ్లిద్దరూ చేతకానివాళ్లని, చిన్నది ఇల్లు విడిచిపోయిన ద్రోహి అని ఆమె చూపులోనే ఉంటుంది. సినిమా అంతటిలో బాగా నటించింది ఎవరని అడిగితే కథానాయిక కన్నా ముందు ఈమె పేరే చెప్పాలి. గొంతు పెంచదు. పిండి అంటిన చేతులు తుడుచుకుంటూ ఒక వాక్యం అంటుంది, ఎదుటి మనిషి కుంచించుకుపోతుంది.

రోస్‌గా వేసిన పాత్రీసియా లోపెస్ అర్నైస్‌కు ఇక్కడ దొరికిన చోటు తక్కువే. కొన్నేళ్లకు 2020 నాటి మరో సినిమాలో తల్లి పాత్రకు ఆమె ఉత్తమ నటిగా స్పెయిన్ జాతీయ సినిమా పురస్కారమైన గోయా అందుకుంది. ఎంగ్రాసీగా ఇత్సియార్ ఐస్పురు ఉన్నంతసేపూ తెర మీద కాస్త వెచ్చదనం ఉంటుంది. అమాయా పాత్ర మార్తా ఎతూరాది. ఒక జైలు తిరుగుబాటు సినిమాకు సహాయనటిగా గోయా గెలిచిన ఈమె సాన్ సెబాస్తియాన్‌లో పుట్టింది. నవల రాసిన రెడొండోదీ అదే ఊరు. ఎతూరా అమాయాను గట్టి మనిషిగా చూపించే ప్రయత్నం పెద్దగా చేయదు. శవం ముందు నిబ్బరంగా నిలబడిన మనిషే పుట్టింటి గడప ముందు ఆగిపోతుంది. చూపించవలసింది ఆ తేడానే.

స్పెయిన్‌లో మహిళా ఇన్‌స్పెక్టర్ అనే పాత్రకు వయసు పెద్దగా లేదు. ఫ్రాంకో నియంతృత్వంలో పెళ్లయిన స్త్రీ ఉద్యోగం చేయాలన్నా బ్యాంకు ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి తప్పనిసరి. ఆ చట్టం పోయింది 1975లో, నియంత చనిపోవడానికి కొన్ని నెలల ముందు. పోలీసు శాఖలోకి మహిళా ఇన్‌స్పెక్టర్లు మొదటిసారి వచ్చింది 1979లో. సైనిక క్రమశిక్షణతో నడిచే గార్దియా సివిల్ దళం 1988 దాకా ఆడవాళ్లను తీసుకోలేదు. డిటెక్టివ్ నవలల్లో అలీసియా హిమేనెస్ బార్త్‌లెత్ సృష్టించిన బార్సెలోనా మహిళా ఇన్‌స్పెక్టర్ 1996లో వచ్చింది. అంటే అమాయా సలసార్ వెనుక ఉన్నది రెండు తరాల దూరం కూడా కాదు. దర్యాప్తు బాధ్యత తనకు కాకుండా ఆమెకు అప్పగించారని కుతకుతలాడే సహచరుడు ఫెర్మీన్ మోంతెస్ (ఫ్రాన్సెస్క్ ఒరెయా) పాత్రను ఆ లెక్కలోంచి చూడాలి. అతను దుర్మార్గుడు కాడు. వరసలో తనదే తరువాతి వంతు అనుకున్న మనిషి, అంతే.

పోలీసుల విషయంలో ఇంకో చిన్న వివరం. స్పెయిన్‌లో జాతీయ పోలీసు, గార్దియా సివిల్ కాక కొన్ని ప్రాంతాలకు సొంత దళాలున్నాయి. బాస్క్ ప్రాంతానికి ఎర్త్సైన్సా, కతలూన్యాకు మోసోస్, నవార్రాకు ఎర్ర యూనిఫాం వేసుకునే పోలిసియా ఫోరల్. అమాయాది ఈ మూడోది. దేశ రాజధాని నుంచి దిగిన నిపుణురాలు కాదు ఆమె, సొంత జిల్లా పోలీసు. అందుకే ఊళ్లో ప్రతి తలుపూ ఆమెకు తెలుసు. ప్రతి తలుపుకూ ఆమె కుటుంబం గురించి తెలుసు. ప్రయోజనాల వైరుధ్యం అంటామే, అది ఈ సినిమాలో కాగితం మీది నిబంధనగా కాక పెరట్లో పాముగా ఉంటుంది. నిజజీవితంలో ఆధారాలు తన పుట్టింటి బేకరీ దాకా వచ్చిన మరుక్షణం ఆమెను కేసు నుంచి తప్పించాలి. సినిమా దీన్ని సాగదీయగలిగినంత సాగదీసింది. నమ్మబుద్ధి కాని చోట్లలో ఇది మొదటిది.

ఇక సలసార్ అనే పేరు సంగతి. రచయిత్రి ఎందుకు పెట్టిందన్నది పక్కన పెడదాం, ఆ లోయలో ఆ పేరుకు పాత చరిత్ర ఉంది. ఎలిసోండో నుంచి కొండలు దాటి ఫ్రాన్స్ వైపు వెళితే సుగరముర్ది అనే పల్లె వస్తుంది. 1608లో ఫ్రాన్స్ వైపు నుంచి తిరిగొచ్చిన ఒక పడుచు పిల్ల, తాను మంత్రగత్తెల జాతరకు వెళ్లానని, ఈ ఊరి ఫలానావాళ్లను అక్కడ చూశానని చెప్పింది. ఆ మాటల మీద పేర్లు, పేర్ల మీద అరెస్టులు. మతం తప్పినవాళ్లను విచారించి శిక్షించే చర్చి న్యాయస్థానం, మత విచారణ సంస్థ (ఇన్‌క్విజిషన్) రంగంలోకి దిగింది. 1610 నవంబరులో లొగ్రోన్యో పట్టణంలో జనం చూస్తుండగా శిక్షలు చదివి వినిపించారు. పదకొండు మందికి మంటల శిక్ష పడింది. ఆరుగురిని ప్రాణాలతో కాల్చారు, అప్పటికే చెరసాలలో చనిపోయిన ఐదుగురికి బదులు వాళ్ల బొమ్మలను కాల్చారు.

ఆ విచారణ నడిపిన ముగ్గురు అధికారుల్లో చిన్నవాడు అలోన్సో దె సలసార్ ఫ్రీయాస్. అతనికి అనుమానం తగిలింది. 1611లో పల్లెలన్నీ తిరిగి 1,802 మంది ఒప్పుకోళ్లు నమోదు చేశాడు. వాళ్లలో 1,384 మంది పిల్లలు. జాతర ఎక్కడ జరిగిందో విడివిడిగా చూపించమంటే ఒకరు చెప్పిన చోటుకు మరొకరు చెప్పిన చోటుకు పొంతన లేదు. మంత్రగత్తెల లేపనాలంటూ తెచ్చిన కుండలను వైద్యులతో, జంతువుల మీద పరీక్ష చేయించాడు, అవి ఉత్త లేపనాలే. చివరికి పై అధికారులకు రాసిన నివేదికలో తేల్చిందేమిటంటే, మంత్రగత్తెల గురించి మాట్లాడడం, రాయడం మొదలుపెట్టేదాకా ఆ చోట మంత్రగత్తెలూ లేరు, వాళ్ల బారిన పడినవాళ్లూ లేరు. 1614లో వచ్చిన కొత్త ఆదేశాలతో స్పెయిన్ మత విచారణ సంస్థ మంత్రగత్తెలను కాల్చడం దాదాపు ఆపేసింది. మిగతా ఐరోపాలో ఆ మంటలు ఇంకా చాలా దశాబ్దాలు మండాయి. చేతబడి, బాణామతి నెపం మీద మనుషులను కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదివే తెలుగు పాఠకుడికి ఆ అధికారి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగు వందల ఏళ్ల తరువాత అదే ఇంటిపేరున్న ఒక స్త్రీ అదే కొండల్లో దాదాపు అదే పని చేస్తుంది. అతను లేపనాలు పరీక్షించాడు, ఆమె పిండి పరీక్షిస్తుంది. శవాల మీద దొరికిన కేకుల పిండిని లోయలోని బేకరీల పిండితో పోల్చి చూడడమే దర్యాప్తులో ఆయువుపట్టు. ఒకవైపు ఇంత కచ్చితమైన ప్రయోగశాల, మరోవైపు మేనత్త టేబుల్ మీద టారో ముక్కలు. పేరున్నదల్లా ఉన్నట్టే అన్న అర్థంలో బాస్క్ భాషలో ఒక సామెత ఉంది. విచారణాధికారి సలసార్ చెప్పింది సరిగ్గా దానికి తిరగేసిన మాట: పేరు పెట్టాకే లేనిది వచ్చింది. అమాయా ఈ రెంటి మధ్యా ఇరుక్కుంది. తర్కం నేర్పిన చదువు అమెరికాది, నమ్మకం నేర్పిన ఇల్లు ఎలిసోండోది. బసహౌన్ ఉన్నాడో లేడో సినిమా తేల్చదు. చెట్ల మధ్య ఏదో కదిలినట్టు చూపించి ఊరుకుంటుంది. తేల్చి ఉంటే భూతాల సినిమా అయ్యేది, పూర్తిగా కొట్టిపారేస్తే ఆ అడవికి పనే లేకుండా పోయేది.

తెలుగు ప్రేక్షకులకు స్పానిష్ థ్రిల్లర్ అంటే వేరే రుచి తెలుసు. ఓరియోల్ పావులో 2016లో తీసిన ‘కాంత్రాతియెంపో’ హిందీలో ‘బద్లా’గా, తెలుగులో అడివి శేష్, రెజీనా నటించిన ‘ఎవరు’గా 2019లో మన ముందుకు వచ్చింది. ఒక గది, ఇద్దరు మనుషులు, ఒక్కో అబద్ధం ఊడుతూ చివర కాళ్ల కింద నేల లాగేసే మలుపు. గడియారం విప్పి మళ్లీ బిగించినంత నేర్పు అందులో ఉంది. ఆ కథను బార్సెలోనా నుంచి స్కాట్లండ్‌కో కూనూరుకో తెచ్చినా పోయేదేమీ లేదు, అందుకే అది అంత తేలిగ్గా సముద్రాలు దాటింది. బస్తాన్ కథను అలా పెకిలించి తేలేం. ఆ కేకు తీసేస్తే, ఆ ఇంటి వారసత్వం తీసేస్తే, ఆ వాన తీసేస్తే మిగిలేది మామూలు వరుస హత్యల కథ. మామూలు వరుస హత్యల కథగా చూస్తే ఇది అంత గొప్పదీ కాదు.

ఆ మాట ఎందుకంటే ముగింపు గురించి మాట్లాడుకోవాలి. చూడనివాళ్లు తరువాతి రెండు పేరాలు వదిలేయవచ్చు.

హంతకుడు విక్టర్, ఫ్లోరా భర్త. ఎవరి కంటా పడని మెతక మనిషి. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారన్నది అతనికి నేరంగా కనిపించింది. చంపాక వాళ్లను మళ్లీ ‘పసివాళ్లను’ చేయడానికే జుట్టు దువ్వడం, చేతులు తెరిచి పెట్టడం, ఆ పాతకాలపు తీపి పెట్టడం. హత్యను అతను శుద్ధి అనుకున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ పట్టాల్సినది ఆ ఇంటి ఆడపిల్లే, ఆమె పట్టనే పట్టింది కానీ అతన్ని చట్టం ముందు నిలబెట్టే అవకాశం ఆమెకు దక్కలేదు. ఫ్లోరా చేతిలోని తుపాకీ ముందే తీర్పు చెప్పేసింది. అది చెల్లెలి కోసమా, ఇంటి పరువు కోసమా, నోరు విప్పితే ఇంకేమి బయటపడతాయోనన్న భయంతోనా? మింగెస్ ముఖం ఏ ఒక్క జవాబూ ఇవ్వదు. సలసార్ ఇంటి పెద్దదిక్కు ఒక విషయాన్ని ఇంట్లోనే పూడ్చేయడం ఇది రెండోసారి. మొదటిసారి తండ్రి, ఈసారి పెద్దకూతురు.

విక్టర్‌తో వచ్చిన చిక్కేమిటంటే, చివరిదాకా అతను కథలో మనిషిగా లేడు. వెనకవైపు ఎక్కడో కదిలిన నీడను పట్టుకొచ్చి ‘వీడే’ అంటే ప్రేక్షకుడికి ఉలికిపాటు రాదు, ‘ఓహో’ అని మాత్రం వస్తుంది. నవలలో అతని చుట్టూ అల్లిన వివరాలకు అక్కడ పేజీలున్నాయి, ఇక్కడ రెండు గంటల సినిమాలో చోటు లేదు. అయినా ఒక కోణంలో ఈ లోపమే నిజానికి దగ్గరగా ఉంది. అంతటి పెత్తనం నడిపే ఆడవాళ్ల ఇంట్లో మగవాళ్లను ఎవరూ చూడరు. తండ్రిని ఎవరూ చూడలేదు, అల్లుడినీ చూడలేదు. కనిపించని కాపలాదారు ఉన్నట్టే కనిపించని హంతకుడూ ఉన్నాడు. దర్శకుడు దీన్ని ఉద్దేశపూర్వకంగా చేశాడా అంటే, సినిమా చూస్తే అంత నమ్మకం కలగదు.

అంతకన్నా గట్టిగా చెప్పాల్సిన ఫిర్యాదు చనిపోయిన అమ్మాయిల గురించి. బతికున్న స్త్రీలకు ఇంత లోతు ఇచ్చిన సినిమా ఆ పిల్లలకు జీవితమే ఇవ్వలేదు. వాళ్ల స్నేహితులు, గొడవలు, బడి, ఇంటికి ఆలస్యంగా వచ్చిన రాత్రులు ఏవీ లేవు. నదీతీరంలో అందంగా వెలిగించిన శవాలుగా వచ్చి, ప్రయోగశాల బల్ల మీదికి వెళ్లి మాయమవుతారు. హంతకుడు వాళ్లను బొమ్మలుగా అమర్చాడు. కెమెరా కూడా దాదాపు అదే దూరంలో నిలబడి అదే అమరికను చూసింది. మహిళలు ముందుండి నడిపించే నేర కథలు మగ డిటెక్టివుల కథల నుంచి ఇంకా వదిలించుకోని పాత జబ్బు ఇది. పోలీసు మారింది, శవం మారలేదు.

సంభాషణల్లోనూ అతి ఉంది. బసహౌన్ అంటే ఎవరో, ఆ కేకు ఏమిటో పాత్రలు ఒకరికొకరు పాఠం చెప్పుకుంటారు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ పాఠం అవసరమా? అమెరికన్ శిల్పి అయిన భర్త జేమ్స్ పాత్ర మాత్రం సరదాగా తిరగబడింది. వేళ కాని వేళ ఫోను మోగితే లేచి వెళ్లే భార్య, ఇంట్లో ఎదురుచూస్తూ నొచ్చుకునే భర్త. దశాబ్దాలుగా పోలీసు అధికారి భార్యలు మోసిన ఆ సన్నని పాత్రను ఇక్కడ ఒక మగవాడికి కట్టబెట్టారు. అది ఎంత సన్నని పాత్రో అప్పుడు గాని తెలియదు.

మొదటి భాగంతో కథ ఆగలేదు. 2019 డిసెంబరులో రెండో భాగం థియేటర్లకు వచ్చింది. మూడోది కొవిడ్ కారణంగా థియేటర్లు లేక 2020 జులై 24న నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. వాటిలో జానపదంలోని మరింత భయంకరమైన జీవులు వస్తాయి. రెండో భాగంలో ఒంటికన్ను రాకాసి తార్తాలో, మూడోదానిలో నిద్రపోయేవాళ్ల ఊపిరి పీల్చేసే ఇంగుమా. అమాయా అప్పటికి తల్లి అయింది. తల్లి రొసారియో నీడ ఇప్పుడు మనవడి ఊయల మీద పడుతుంది. రెండో భాగంలో రొసారియోగా వేసిన సూసీ సాంచెస్ కూడా గోయా ఉత్తమ నటి పురస్కార గ్రహీతే. నిజానికి మూడు సినిమాలూ కలిపి ఒకే కథ: కన్నతల్లే చంపాలనుకున్న కూతురు తాను తల్లి కాగలదా అని. నేరాలు దానికి చుట్టిన కాగితం. రెండు, మూడు భాగాల్లో ఆ కాగితం మరీ మందమై, రహస్య కూటములు, కుట్రలు పెరిగి, వంటింటి భయం పలచబడింది. మూడింటిలో మొదటిదే నిలబడడానికి కారణం అందులో కీడు పరిమాణం ఒక ఇంటికి, ఒక తొట్టికి, ఒక కేకుకు సరిపడా ఉండడమే.

ఎలిసోండోలో ఇప్పుడు ఈ కథ జరిగిన చోట్లు చూపించే నడక యాత్రలున్నాయి. నది మీది మునియార్తెయా వంతెన దగ్గర ఆగి, నీళ్లు దూకే ఆనకట్ట చూసి, అమాయా మేనత్త ఇల్లు ఏదై ఉంటుందో లెక్కలు వేసుకుంటారు. లేని మనిషికి ఇల్లు వెతకడం మన దగ్గరా ఉన్న అలవాటే. ఆ తరువాత చాలామంది బేకరీలోకి వెళ్లి, నోరు తిరగని ఆ పేరును కూడబలుక్కుని, చాన్చిగోరి కావాలని అడుగుతారు. పంది కొవ్వు ముక్కల తీపి, వెచ్చగా ఉన్నప్పుడే తినాలి.